ఉప్పూ పెరుగుతుంది, రొయ్యా పెరుగుతుంది: జీవానికి గీత ఎక్కడ?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరం వెంట ఉప్పు మడులూ ఉన్నాయి, రొయ్యల గుంటలూ ఉన్నాయి. రెంటికీ ఆధారం ఉప్పునీరే. ఇసకపల్లి మడుల్లో ఎండకు నీరు ఇగిరిపోయి ఉప్పు గల్లు కడుతుంది. రోజులు గడిచేకొద్దీ గల్లు పెద్దదవుతుంది. గుంటలో వదిలిన రొయ్య సీడ్ వేలిగోరంత పొడవు కూడా ఉండదు. అదే నాలుగు నెలలు తిరక్కుండా పాతిక, ముప్పై గ్రాములకు వస్తుంది. పెరుగుదల జీవుల లక్షణమని చిన్న తరగతుల సైన్సు పుస్తకంలో ఉంటుంది. అది చదివిన పిల్లవాడు "ఉప్పు కూడా పెరిగింది కదా, మరి దానికీ ప్రాణం ఉన్నట్టేనా?" అని అడిగితే అది అల్లరి ప్రశ్న కాదు. జీవశాస్త్రంలో అంతకన్నా మంచి మొదటి ప్రశ్న దొరకదు. "పుస్తకంలో ఉన్నది రాసెయ్, మార్కులు వస్తాయి" అని నోరు మూయిస్తే ఆ పిల్లవాడికి పెద్ద అన్యాయమే చేసినట్టు.

పుస్తకంలోని జాబితా అందరికీ తెలిసిందే. కదలిక, పోషణ, శ్వాసక్రియ, విసర్జన, పెరుగుదల, ప్రేరణకు ప్రతిస్పందన, ప్రత్యుత్పత్తి. పై తరగతులకు వెళ్తే కణ నిర్మాణం, సమస్థితి, పరిణామం వచ్చి చేరతాయి. ఈ జాబితాలో తప్పేమీ లేదు, వాడే తీరులోనే చిక్కుంది. ఒక్కో లక్షణాన్ని విడిగా పట్టుకుని, ఉంటే జీవి, లేకపోతే నిర్జీవి అని టిక్కులు పెట్టుకుంటూ పోతే కదిలే మేఘం జీవుల్లో చేరిపోతుంది, దూడను పుట్టించలేని ఎద్దు రాళ్ల పక్కకు పోతుంది. ఈ లక్షణాలన్నిటి వెనుకా ఉన్న పని ఒక్కటే: బయటి నుంచి పదార్థాన్నీ శక్తినీ తెచ్చుకోవడం, వాటితో తన ఒంటిని తానే ఆగకుండా మరమ్మతు చేసుకుంటూ నిలబెట్టుకోవడం, ఆ ఒంటిని కట్టే సూచనలను తర్వాతి తరానికి అందించడం. ఆ పనిని చూడటం అలవాటైతే జాబితాను బట్టీ పట్టాల్సిన అవసరం ఉండదు.

ముందు పెరుగుదల సంగతే చూద్దాం. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఆ నీరు ఇగిరి దాదాపు పదో వంతుకు వచ్చేసరికి ఉప్పు గడ్డకట్టడం మొదలవుతుంది. నీటిలో విడివిడిగా తిరిగే సోడియం, క్లోరిన్ అయాన్లు వచ్చి స్ఫటికం పైపొరకు అతుక్కుంటాయి. లోపలి పొరలకు ఏమీ కాదు, మొదటి రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. బయట ఏ పదార్థం ఉందో గల్లులోనూ అదే ఉంది, మారిందల్లా అమరిక. చీమకుర్తి నల్ల గ్రానైటులో మెరిసే బంగారు చుక్కలు కూడా స్ఫటికాలే. కరిగిన శిల భూమి లోపల నెమ్మదిగా చల్లబడుతున్నప్పుడు పెరిగినవి. వాటి పెరుగుదలకు ఖర్చంటూ లేదు.

రొయ్య దారి వేరు. దానికి వేసే మేతలో సోయా, చేపల పొడి, గోధుమ పిండి ఉంటాయి. రొయ్య ఒంట్లో సోయా కనపడదు. మేతలోని ప్రోటీన్లను కడుపులో అమైనో ఆమ్లాల దాకా విడగొట్టి, వాటితో రొయ్య ప్రోటీన్లను కొత్తగా కట్టుకుంటుంది. వనామీ రకం సాగులో కిలో రొయ్యకు కిలోంబావు నుంచి కిలోన్నర దాకా మేత పడుతుందని రైతులు లెక్క వేసుకుంటారు. మేత పొడిది, రొయ్య ఒంట్లో ముప్పాతిక వంతు నీరే. కాబట్టి తిన్నదాంట్లో ఒంటికి పట్టేది ఈ లెక్కలో కనిపించే దానికన్నా చాలా తక్కువ. మిగతాది ఏమైంది? కొంత అరగక మలంగా పోయింది. కొంత ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా మారుతూ శక్తినిచ్చింది. ప్రోటీన్లలోని నత్రజని అమ్మోనియాగా నీటిలోకి వెళ్లింది. నీళ్లలో అమ్మోనియా ఎంతుందో రైతు పరీక్ష చేయించుకోవడం అందుకే. పుస్తకంలో పోషణ, శ్వాసక్రియ, విసర్జన మూడు వేర్వేరు పాఠాలు. గుంటలో మాత్రం అవి ఒకే ఖాతాలోని జమా ఖర్చులు.

రొయ్య పెంకు వదిలే ఘట్టాన్ని దగ్గరగా చూస్తే ఈ ఖర్చు ఏమిటో తెలుస్తుంది. పెంకు గట్టిది, సాగదు. పెరగాలంటే దాన్ని వదిలేయాల్సిందే. తల పెంకుకూ నడుముకూ మధ్య చీలిక వస్తుంది. రొయ్య వెనక్కి వంగి ఒక్కసారి ఎగిరి కాళ్లు, మీసాలతో సహా పాత పెంకులోంచి బయటికొస్తుంది. అప్పుడు దాని ఒళ్లు మెత్తగా ఉంటుంది, వేలితో నొక్కితే లోపలికి పోతుంది. వెంటనే నీరు పీల్చుకుని ఉబ్బి, అడుగున సిద్ధం చేసుకున్న కొత్త పెంకును సాగదీసుకుంటుంది. ఆపైన నీటిలోని కాల్షియం, మెగ్నీషియం తీసుకుని దాన్ని గట్టిపరుచుకుంటుంది. రైతులు మినరల్స్ చల్లేది ఇందుకే. పెంకు గట్టిపడేదాకా పక్క రొయ్యలే దాన్ని తినేసే ప్రమాదం ఉంది. ఇంత శ్రమకూ ఇంత ప్రమాదానికీ తట్టుకుని పెరగడం ఉప్పుకు లేదు.

శ్వాసక్రియ అంటే ముక్కుతో గాలి పీల్చడమని చాలామంది అనుకుంటారు. రొయ్యల రైతుకు ఆ భ్రమ ఉండే అవకాశం తక్కువ. పగలు ఎండలో గుంటలోని నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి వెలుగు ఉండదు కాబట్టి ఆ ఉత్పత్తి ఆగిపోతుంది. ఖర్చు మాత్రం ఆగదు. రొయ్యలతో పాటు నాచు, అడుగు బురదలోని బ్యాక్టీరియా అన్నీ తెల్లవార్లూ ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి. అందుకే తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా అడుగంటుతుంది. ఆ వేళ కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే రైతుకు పట్టే టెన్షన్ అంతా ఇంతా కాదు. జనరేటర్ వేయడం ఆలస్యమైతే రొయ్యలు పైకి తేలిపోతాయి. అసలు శ్వాసక్రియ కణాల్లో జరుగుతుంది. ఆహారాన్ని కొద్దికొద్దిగా మండించి వచ్చిన శక్తిని ఏటీపీ అనే అణువులో పెట్టుకోవడమే అది. మనిషి ఒంట్లో ఒక రోజులో తయారై ఖర్చయ్యే ఏటీపీ అంతా కలిపితే దాదాపు ఆ మనిషి బరువంత ఉంటుంది. దాన్ని నిల్వ పెట్టుకునే వీలు లేదు కాబట్టి కొన్ని నిమిషాలు గాలి అందకపోయినా ప్రాణం మీదికొస్తుంది.

ఈ శక్తిలో పెద్ద వాటా ఉన్నది ఉన్నట్టు ఉండటానికే ఖర్చవుతుంది. పైకి ఏ మార్పూ కనపడదు కాబట్టి పిల్లలకు అన్నిటికన్నా తక్కువగా అర్థమయ్యేది ఈ లక్షణమే. వనామీ రొయ్య లీటరుకు ఒకటి రెండు గ్రాముల ఉప్పున్న బోరు నీటిలోనూ బతుకుతుంది, 40 గ్రాములున్న నీటిలోనూ బతుకుతుంది. బయట అంత తేడా ఉన్నా దాని రక్తంలో ఉప్పు మాత్రం కొద్దిపాటి హద్దుల్లోనే ఉంటుంది. నీరు చప్పబడితే మొప్పల్లోని కణాలు శక్తిని ఖర్చుపెట్టి ఉప్పును లోపలికి లాగుతాయి. నీరు మరీ ఉప్పెక్కితే బయటికి తోస్తాయి. సమస్థితి అంటే ఇదే. రొయ్య చచ్చిన మరుక్షణం దాని ఒంట్లోని అణువుల్లో ఏదీ మాయం కాదు. ప్రోటీన్లు, కొవ్వు, డీఎన్ఏ అన్నీ ఉంటాయి. ఉప్పును తోసే ఆ పని ఆగిపోతుంది, కొంతసేపటికి లోపలి నీరూ బయటి నీరూ ఒకటవుతాయి.

జీవుల ఒంట్లో బయట ఎక్కడా దొరకని ప్రత్యేక పదార్థమేదో ఉంటుందని ఒకప్పుడు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే నమ్మారు. 1828లో జర్మనీ రసాయన శాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ వోలర్ అమ్మోనియం సయనేట్ నుంచి యూరియా తయారు చేశాడు. అప్పటిదాకా జంతువుల మూత్రంలోనే దొరికే పదార్థం, మూత్రపిండాలతో పనిలేకుండా గాజు పాత్రలో వచ్చింది. ఆ నమ్మకం ఒక్కరోజులో పోలేదు కానీ సడలడం మొదలైంది. పెన్నా డెల్టా రైతు మొలగొలుకుల వరి మడిలో చల్లే యూరియాకూ గేదె మూత్రంలోని యూరియాకూ అణువు స్థాయిలో రవ్వంత తేడా లేదు. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, నత్రజని గాలిలోనూ నీటిలోనూ ఉన్నాయి, మన ఒంట్లోనూ ఉన్నాయి. కాబట్టి దేనితో తయారైందో చూసి జీవమా కాదా అని తేల్చలేం.

పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గదిని బ్యారన్ అంటారు. అందులో ఇంకో మంచి ఉదాహరణ దొరుకుతుంది. చెట్టు నుంచి కోసిన ఆకు చచ్చిపోయిందనే అందరూ అనుకుంటారు. బ్యారన్‌కు ఎక్కించిన మొదటి ఒకటి రెండు రోజులు వేడిని 32 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచి, గాలిలో తేమ తగ్గకుండా చూస్తారు. ఆ సమయంలో ఆకు కణాలు బతికే ఉంటాయి. వాటి ఎంజైములు ఆకులోని పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి, పత్రహరితం విరిగిపోయి పసుపు రంగు బయటపడుతుంది. ఆ తర్వాతే వేడి పెంచి ముందు ఆకును, చివర్లో ఈనెను ఎండబెడతారు. తొందరపడి ముందే వేడి పెంచితే పని పూర్తికాకుండానే కణాలు చచ్చిపోతాయి, ఆకులో పచ్చదనం మిగిలిపోతుంది. వేలంలో దానికి ధర పలకదు. మంచి రంగు రావాలంటే ఆకు ఎప్పటిదాకా బతికుండాలో, ఎప్పుడు చావాలో అనుభవజ్ఞుడైన రైతుకు చూపుతోనే తెలుస్తుంది. చావు ఒక్క గీత దగ్గర జరిగిపోదనీ, మొక్క నుంచి తెగిన ఆకు గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి తన పని తాను చేసుకుంటూనే ఉంటుందనీ ఇక్కడ స్పష్టంగా కనపడుతుంది.

అదే బ్యారన్ పొయ్యిలోని మంట జాబితాలో సగానికి పైగా లక్షణాలు చూపిస్తుంది. కట్టెలు తింటుంది, ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, బూడిద మిగులుస్తుంది, పెరుగుతుంది, పక్క కట్టెకు అంటుకుని ఇంకో మంటను పుట్టిస్తుంది. అయినా మంటలో జీవం లేదు. తనను తాను ఒక హద్దులో ఉంచుకునే ఏర్పాటు దానికి లేదు. లోపలా బయటా అని వేరు చేసే పొర లేదు. అన్నిటికన్నా ముఖ్యం, వారసత్వం లేదు. అగ్గిపుల్లతో అంటించినా, లైటర్‌తో అంటించినా మంట ఎలా ఉండాలో కట్టే గాలీ తేలుస్తాయి. తల్లి మంట గుణాలు పిల్ల మంటకు రావు.

వారసత్వం ఏం చేయగలదో చూడాలంటే ఒంగోలు గిత్త చరిత్ర చాలు. 19వ శతాబ్దంలో మొదలై 20వ శతాబ్దం మధ్య దాకా ఈ ప్రాంతపు పశువులు విడతలు విడతలుగా బ్రెజిల్‌కు వెళ్లాయి. అక్కడ వాటి సంతతిని నెల్లూరు పేరు మీదనే 'నెలోర్' అంటారు. ఈ రోజు ఆ దేశపు మాంసం పశువుల్లో సింహభాగం ఆ జాతిదో, దాని సంకరాలదో. గడ్డి మారింది, నీరు మారింది, ఎన్నో తరాలు గడిచాయి. అయినా మూపురం అలాగే ఉంది, తెల్లటి ఒళ్లు అలాగే ఉంది. అక్కడికి ఓడలో వెళ్లిన పశువుల ఒంటిలోని పదార్థం ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. తరం నుంచి తరానికి అందుతూ వచ్చింది డీఎన్ఏలోని సూచన. ఆ సూచన కూడా ఉన్నది ఉన్నట్టే ఉండిపోలేదు. ఇక్కడ బండి లాగే బలం కోసం ఎంచుకుంటూ వచ్చారు, అక్కడ మాంసం కోసం ఎంచుకున్నారు. నెలోర్‌లో కొమ్ముల్లేని రకం కూడా తయారైంది. నకలు తీసేటప్పుడు వచ్చే చిన్న చిన్న మార్పులు, వాటిలో కొన్నే నిలవడం: పరిణామమంటే ఇంతే. ఇక్కడ ఎంపిక చేసింది మనిషి, అడవిలో ఆ పని ప్రకృతి చేస్తుంది.

ప్రత్యుత్పత్తిని ఒక్కో జీవికి విడిగా పెట్టే పరీక్షగా చూడకూడదనేదీ ఇక్కడే తేలుతుంది. విత్తులు కొట్టిన ఎద్దుకు సంతానం ఉండదు. కంచర గాడిదకూ మామూలుగా ఉండదు. కూలి తేనెటీగ జీవితమంతా పనిచేసి, రాణిలా సంతతిని కనకుండానే పోతుంది. వీటిలో దేన్నీ నిర్జీవి అనం. ఎద్దు ఒంట్లో కోట్ల కణాలు ప్రతి రోజూ విభజన చెందుతూనే ఉంటాయి, అది వచ్చిన వంశమంతా నకళ్ల పరంపరే. కదలిక, ప్రతిస్పందన విషయంలోనూ ఇంతే. చింతచెట్టు ఆకులు రాత్రికి ముడుచుకోవడం ఊళ్లో అందరూ చూసేదే. చెట్టు నడవదు కాబట్టి దానికి కదలిక లేదనడం మన తొందరపాటు.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. తీరంలోని హ్యాచరీల్లో పిల్ల రొయ్యలకు ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవిని మేతగా పెడతారు. అది డబ్బాల్లో గోధుమరంగు పొడిలా వస్తుంది. ప్రతి రేణువూ ఒక గుడ్డు పొర, లోపల ఎండిపోయిన పిండం. ఆ స్థితిలో అది తినదు, కదలదు, పెరగదు. శ్వాసక్రియ కొలతకు అందదు. జాబితా పెట్టుకుని చూస్తే దానికీ ఇసుకరేణువుకూ తేడా కనపడదు. సరిగ్గా నిల్వ చేస్తే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. 28 డిగ్రీల ఉప్పునీటిలో వేసి, వెలుతురు పెట్టి, గాలి బుడగలు వదిలితే ఒక్క రోజులో పొర పగిలి నారింజ రంగు పిల్లలు ఈదుతూ బయటికొస్తాయి. పిండం ఎండిపోతున్నప్పుడు ట్రిహలోస్ అనే చక్కెరను బాగా పోగుచేసుకుంటుంది. నీరు పోయిన చోట ఆ చక్కెర చేరి ప్రోటీన్లు, కణ పొరలు చెదిరిపోకుండా కాపాడుతుంది. గ్రాముకు పదివేలకు పైగా తూగే పొగాకు విత్తనాల్లోనూ పిండం ఇలాగే కాచుకుని ఉంటుంది. ఇజ్రాయెల్‌లోని మసాదా కోట తవ్వకాల్లో దొరికిన, దాదాపు 2000 ఏళ్ల నాటి ఖర్జూర గింజ 2005లో మొలకెత్తింది.

ఇవి జీవులా, నిర్జీవాలా? పని ఆగింది, పనిచేసే ఏర్పాటు చెడలేదు. చచ్చిన రొయ్యలో రెండూ పోతాయి. ఇసుకరేణువులో రెండూ ఎప్పుడూ లేవు. ఈ మూడు స్థితులను విడదీసి చెప్పకుండా రెండే గదులు గీసి సర్దమనడం వల్లే విద్యార్థులు విత్తనం దగ్గర తికమకపడతారు.

వైరస్ ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్తుంది. దాని కథ పొగాకుతోనే మొదలైంది. మొజాయిక్ తెగులు సోకిన ఆకు మీద లేతపచ్చ, ముదురుపచ్చ మచ్చలు పడతాయి. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ ఆ ఆకుల రసాన్ని బ్యాక్టీరియా కూడా దూరలేని పింగాణీ వడపోతలోంచి పంపాడు. వడకట్టిన రసం కూడా తెగులు తెచ్చింది. అందులో ఉన్నదేదో బతికున్న మొక్క కణాల్లోనే పెరుగుతుందని 1898లో నెదర్లాండ్స్‌కు చెందిన బైయెరింక్ తేల్చాడు. 1935లో అమెరికాలో వెండెల్ స్టాన్లీ దాన్ని శుద్ధి చేసి స్ఫటికాలుగా సీసాలో పెట్టాడు. ఆ స్ఫటికాలను నీటిలో కలిపి ఆకుకు రుద్దితే తెగులు మళ్లీ వచ్చింది. 1955లో ఫ్రాంకెల్-కాన్రాట్, విలియమ్స్ అదే వైరస్‌ను దాని సూచనలుండే ఆర్‌ఎన్‌ఏ ఒకవైపు, ప్రోటీన్ ఒకవైపుగా విడదీసి మళ్లీ కలిపారు. విడిభాగాలు వాటంతటవే అమరి వైరస్ తయారైంది, తెగులు పుట్టించింది. ఏ రొయ్యనూ, ఏ బ్యాక్టీరియానూ ఇలా విప్పి మళ్లీ బిగించలేం.

ఒక పొగాకు మొజాయిక్ వైరస్ రేణువు 300 నానోమీటర్ల పొడవు ఉంటుంది. ఒక్క ఆర్‌ఎన్‌ఏ పోగు, దాని చుట్టూ ఒకే రకం ప్రోటీన్ ముక్కలు రెండు వేలకు పైగా. అంతే సరంజామా. ఏటీపీ తయారు చేసుకోలేదు, ఉప్పునూ నీటినీ సర్దుకోలేదు, పెరగదు, విసర్జించదు. ఎండిన ఆకులో ఏళ్ల తరబడి నిలిచి, పొగాకు నలిపిన చేతులతో నారు ముట్టుకుంటే మడిలోకి దిగుతుంది. నారుమడి పనికి ముందు చేతులు సబ్బుతో కడుక్కోమని, అక్కడ చుట్ట, సిగరెట్ కాల్చొద్దని చెప్పేది అందుకే. కణంలోకి చేరాక మాత్రం ఆ కణం శక్తితో, దాని యంత్రాంగంతో తన నకళ్లను తీయించుకుంటుంది. ఆ నకళ్లలో మార్పులొస్తాయి, పరిణామమూ జరుగుతుంది. రొయ్యల రైతులను అప్పుల పాలు చేసిన తెల్లమచ్చ వైరస్ దారీ ఇదే. వారసత్వం, పరిణామం అనే సగం వైరస్‌కు ఉంది. తనను తాను నిలబెట్టుకునే సగం లేదు. ఆ సగాన్ని కణం నుంచి అప్పు తెచ్చుకుంటుంది కాబట్టి కణమే జీవానికి కనీస ప్రమాణమన్న వాదనకే బలం ఎక్కువ. జీవం చేసే పని సొంతంగా సాగాలంటే ఎంత సరంజామా కావాలో 2016లో క్రెయిగ్ వెంటర్ బృందం చూపించింది. వాళ్లు నిర్మించిన కణంలో 473 జన్యువులే ఉన్నాయి. అంతకు తగ్గిస్తే ప్రయోగశాల మేత మీద కూడా కణం సరిగా సాగలేదు.

ఈ చర్చ పాఠ్యపుస్తకం దాటి ఎక్కడ అవసరమవుతుందంటే, వేరే గ్రహం మీద జీవం కోసం వెతికేటప్పుడు. 2013 నవంబర్ 5న, అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి బయల్దేరిన మంగళ్‌యాన్‌లో మీథేన్‌ను పసిగట్టే పరికరం ఒకటి ఉంది. నీరు నిలిచిన వరి మడి బురదలో గాలి అందని చోట బతికే సూక్ష్మజీవులు మీథేన్ వదులుతాయి. అంగారకుడి మీద అది దొరికితే జీవం ఆనవాలు కావచ్చు. అయితే కొన్ని రకాల శిలలు నీటితో చర్య జరిపినప్పుడు కూడా, ఏ జీవి ప్రమేయం లేకుండానే మీథేన్ పుడుతుంది. వాయువు ఒక్కటే దొరికితే తేల్చలేం.

అంతకుముందే, 1976లో అమెరికా వైకింగ్ నౌకలు అంగారకుడి మీద దిగి ఇలాంటి ఒంటరి ఆనవాలుతోనే చిక్కులో పడ్డాయి. అక్కడి మట్టిలో రేడియోధార్మిక కార్బన్ కలిపిన మేత నీటిని కొద్దిగా పోశారు. మట్టిలోంచి కార్బన్ ఉన్న వాయువు వచ్చింది. మట్టిని 160 డిగ్రీలకు కాచి పోస్తే రాలేదు. సూక్ష్మజీవులుంటే సరిగ్గా ఇలాగే జరగాలి. కానీ ఇంకో పరికరానికి ఆ మట్టిలో జీవపదార్థమనదగిన కార్బన్ అణువులు కనపడలేదు. మొదటి మేత తిన్న సూక్ష్మజీవులు పెరిగి సంఖ్య పెంచుకుని ఉంటే రెండోసారి పోసినప్పుడు వాయువు ఇంకా జోరుగా రావాలి. అలా రాలేదు, ఉన్న వాయువే కొంత తగ్గింది. జీవం కాకుండా మట్టిలోని రసాయనాలే ఆ వాయువును పుట్టించాయని ఎక్కువమంది శాస్త్రవేత్తలు నిర్ణయానికి వచ్చారు.